ప్రాణవాయువా, ఆమ్లజనియా?

సందేహం: "జీవకణం బరువులో ఎక్కువ పాలు ప్రాణవాయువే" అని మా అమ్మాయి రాస్తే, టీచరు కొట్టేసి "ఆమ్లజని" అని దిద్దారు. రెండూ ఆక్సిజనే కదా, ఏది సరైనది? – ఒక పాఠకురాలు

సమాధానం: దిద్దడం సబబే, దిద్దిన మాట మీదే నాకు పేచీ.

కణంలోని ఆక్సిజన్ చాలావరకు గాలిగా ఉండదు. నీటిలో, ప్రొటీన్లలో, కొవ్వుల్లో ఇతర మూలకాలతో కలిసిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకొని వాయువనడం ఏం న్యాయం? ఊపిరి గురించి, ఆస్పత్రి సిలిండర్ గురించి రాసేటప్పుడు ప్రాణవాయువు అనండి, ఎవరూ కాదనరు.

ఇక ఆమ్లజని. 18వ శతాబ్దం చివర్లో రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ ఫ్రెంచిలో పెట్టిన పేరుకు ఇది అనువాదం. ఆమ్లాలన్నిటికీ మూలం ఇదేనని ఆయన నమ్మకం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ జాడే లేదని 1810లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తేల్చాడు. తప్పని తేలినా పేరు పోలేదు. ఆ తప్పును మనవాళ్లు భద్రంగా సంస్కృతంలోకి దించుకున్నారు. సమాసమూ తికమకే. జని అంటే పుట్టుక. "ఆమ్లం వల్ల జని కలది" అని విగ్రహవాక్యం చెబితే, అంటే సమాసాన్ని అలా విడదీస్తే, అర్థం తలకిందులై, ఆమ్లమే దీన్ని కన్నట్టవుతుంది. "ఆమ్లానికి జని దేనివల్లనో అది" అని బహువ్రీహిగా లాగితే గట్టెక్కుతుంది. ఆమ్లజనకం అని ఉంటే ఈ తంటా లేకపోను.

హైడ్రోజన్‌కు ఉదజని అన్న పేరంటే మాత్రం నాకు మహా ఇష్టం. ఉదం అంటే నీరు, ఉదధిలో ఉన్నదీ అదే. హైడ్రోజన్ మండితే నీరే పుడుతుంది గనక పేరు అబద్ధమాడదు. ఆ మాటకొస్తే ఆమ్లాల పులుపు కూడా హైడ్రోజన్ అయానుదే! మరి కణంలో అధికభాగం నీరు. ఆ నీటి బరువులో తొమ్మిది పాళ్లకు ఎనిమిది ఆక్సిజన్‌వి. ఈ లెక్కన రెండింటి పేర్లూ తారుమారు చేసినా చెల్లేది.

నత్రజనిలోని నత్రం గ్రీకు నైట్రాన్‌కు మారువేషం. కర్బనం కార్బన్‌కు మన ఉచ్చారణ, అంతే. గంధకం, భాస్వరం సంస్కృత పదాలే.

"ఉదజని, ఆక్సిజన్, నత్రజని, కార్బన్" అని ఒకే వాక్యంలో కలగాపులగం చేసే ఈనాటి రాతలంటేనే నాకు చిరాకు. ఆక్సిజన్ అంటే పక్కన హైడ్రోజన్, నైట్రోజన్ అనే రాయండి. పిల్లలకు అదే తేలిక, అది తెలుగు కాదనే ధైర్యం నాకు లేదు. ఆమ్లజని అనే రాస్తామంటే తప్పనను, నిఘంటువులకెక్కిన మాట. విగ్రహవాక్యం అడిగితే మాత్రం బహువ్రీహి అనే చెప్పండి.