టెక్ సందేహాలు: ఒకే గచ్చుకు మూడు యాప్‌లు, మూడు లెక్కలు

ప్రశ్న: ఇంటి వెనుక 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందంతో కాంక్రీటు గచ్చు వేయాలనుకుంటున్నాను. నీళ్లు కలిపి నేరుగా పోసుకునే రెడీమేడ్ మిశ్రమం 25 కిలోల బస్తాల్లో కొంటాను. ఇవే కొలతలు మూడు కాల్క్యులేటర్ యాప్‌లకు ఇస్తే ఒకటి 5 బస్తాలని, మరొకటి 50 అని, ఇంకొకటి 77 అని చూపించాయి. దేన్ని నమ్మాలి?

జవాబు: గుణకారంలో మూడింటికీ తేడా లేదు. 3 × 2 × 0.10 చేస్తే 0.6 క్యూబిక్ మీటరు, అంటే 600 లీటర్లు వస్తుంది. బస్తా అన్న మాటకు అవి చెప్పుకొన్న అర్థాలే వేరు.

5 అని చెప్పిన యాప్ దృష్టిలో బస్తా అంటే 50 కిలోల సిమెంటు; ఇసుక, కంకర విడిగా కొంటారని దాని ఊహ. సిమెంటు, ఇసుక, కంకరలను 1:1.5:3 పాళ్లలో కలిపితే క్యూబిక్ మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది కనుక మీ గచ్చుకు 5 సరిపోతాయన్నది నిజమే. అయితే మీరు కొనబోయే సరుకు అది కాదు.

77 అన్న యాప్ చేసిన పొరపాటు కొంచెం లోతైనది. పొడి సరుకులను విడివిడిగా కొలిచి కలిపినప్పుడు కంకర మధ్య ఖాళీల్లోకి ఇసుక, ఇసుక రేణువుల మధ్యకు సిమెంటు చేరి మొత్తం పరిమాణం తగ్గిపోతుంది. అందుకే విడి సరుకుల లెక్కలో తడి పరిమాణాన్ని 1.54తో హెచ్చించడం నిర్మాణ రంగంలో వాడుక. రెడీమేడ్ బస్తా మీద అచ్చువేసే లీటర్లు మాత్రం నీళ్లు కలిపిన తరువాత వచ్చే పరిమాణం. దాన్ని మళ్లీ 1.54తో హెచ్చిస్తే, ఒకసారి సర్దిన తరుగును రెండోసారి కట్టినట్లవుతుంది. సాధారణంగా 25 కిలోల బస్తాకు 12 లీటర్ల ప్రాంతంలో కాంక్రీటు వస్తుంది. 600ను 12తో భాగిస్తే 50. కాబట్టి మీకు పనికొచ్చే జవాబు అదే. వృథాకు పదో వంతు కలిపి 55 బస్తాలు తెచ్చుకోండి.

యాప్‌లో బస్తా పరిమాణం ఎంచుకునే చోటు ఉంటే దాన్ని తప్పక తెరిచి చూడండి. కొన్నింటిలో 80 పౌండ్ల బస్తా ముందే ఎంచుకుని ఉంటుంది. దానికి 0.6 క్యూబిక్ అడుగు వస్తుంది కనుక ఇదే గచ్చుకు 36 బస్తాలని చూపిస్తుంది. అడుగుల్లో కొలతలు ఇచ్చేవారు మరో చోట జారిపోతారు: 4 అంగుళాల మందాన్ని 0.4 అడుగులని టైప్ చేస్తారు. 4ను 12తో భాగించాలి కనుక అది 0.33, ఆ ఒక్క అంకెతో బిల్లు ఐదో వంతు పెరుగుతుంది.

నా మాట అడిగితే, యాప్‌లన్నీ పక్కన పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో మీరే నాలుగు గడులు పెట్టుకోండి: పొడవు, వెడల్పు, మందం, బస్తాకు వచ్చే లీటర్లు. నాలుగో గడిలోని అంకెను బస్తా మీద చదివి రాయాలి. పొడవు, వెడల్పులకు ఫోన్ కెమెరాతో కొలిచే యాప్ సరిపోవచ్చు గానీ, మందానికి దాన్ని నమ్మవద్దు. 6 చదరపు మీటర్ల నేల ఒక్క సెంటీమీటరు ఎక్కువ లోతుగా ఉంటే 60 లీటర్లు, అంటే మరో 5 బస్తాలు పడతాయి. పదో వంతు అదనమని తెచ్చుకున్నవన్నీ అక్కడే మాయమవుతాయి. నేల చదును చేశాక, కాంక్రీటు పారిపోకుండా చుట్టూ బిగించే చెక్కల పై అంచుల మధ్య దారం లాగి, ఐదారు చోట్ల టేపుతో లోతు కొలిచి, ఆ సగటును మూడో గడిలో వేయండి. లోపల పెట్టే ఇనుప చువ్వల పరిమాణం తీసివేయనక్కరలేదు. అది లెక్కలోకి వచ్చేంత కాదు.

ప్రశ్న: కంచె స్తంభాలకు 30 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల లోతుతో నాలుగు గుంతలు తీశాను. స్ప్రెడ్‌షీట్ మరీ ఎక్కువ బస్తాలు చూపిస్తోంది.

జవాబు: వ్యాసార్ధం ఉండాల్సిన గడిలో వ్యాసం వేశారేమో చూడండి, ఆ ఒక్క తప్పుతో జవాబు నాలుగింతలవుతుంది. 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక్కో గుంత 42.4 లీటర్లు. స్తంభం 10 సెంటీమీటర్ల నలుచదరమై, గుంత అడుగుదాకా దిగితే అది 6 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది కనుక మిగిలేది 36.4. భిన్నాన్ని పై పూర్తి అంకెకు పెంచే రౌండప్ ఫంక్షన్‌ను గుంత గుంతకూ వాడితే 12 లీటర్ల లెక్కన ఒక్కోదానికి 4 చొప్పున 16 బస్తాలు వస్తాయి. నాలుగింటినీ ముందు కూడి, చివర్లో ఒక్కసారి వాడితే 13 చాలు. వృథా శాతాన్ని కూడా ఆ చివరి భాగహారానికి ముందే కలపండి. అప్పుడు 14 వస్తుంది.