బేరియాట్రిక్ సర్జరీ తర్వాత మెడికల్ ఐడీ బ్రేస్‌లెట్: దాని మీద ఏం చెక్కించాలి?

ప్రశ్న ఇది: "గ్యాస్ట్రిక్ బైపాస్ అయి మూడు నెలలైంది. మెడికల్ ఐడీ బ్రేస్‌లెట్ వేసుకోమని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. నిజంగా అవసరమా? వేసుకుంటే దాని మీద ఏం రాయించాలి?"

అవసరమేనండీ. బేరియాట్రిక్ సర్జరీ అంటే బరువు తగ్గడానికి పొట్టకి చేసే ఆపరేషన్. అందులో ఒక రకం గ్యాస్ట్రిక్ బైపాస్: పొట్టని చిన్న సంచిగా చేసి పేగుకి అతుకుతారు. అది అయినవాళ్ళకి బ్రేస్‌లెట్ మరీ అవసరం. అయితే వేసుకున్నవాళ్ళలో చాలామంది బిళ్ళ మీద "బేరియాట్రిక్ పేషెంట్" అని చెక్కించి ఊరుకుంటారు. స్పృహ లేని మనిషి చేతి మీద ఆ రెండు మాటలు చదివిన నర్సుకి సర్జరీ జరిగిందని మాత్రమే తెలుస్తుంది. ఏం చెయ్యకూడదో తెలియదు. ఆ చెయ్యకూడనిదే బిళ్ళ మీద ఉండాలి.

ఈ బిళ్ళలు పుట్టిందే అందుకు. 1953లో కాలిఫోర్నియాలో ఒక డాక్టర్ గారి కూతురికి వేలు తెగితే, ధనుర్వాతం మందు పడుతుందో లేదో చూడ్డానికి ఇచ్చిన కొద్దిపాటి డోసుకే ప్రాణం మీదకి వచ్చింది. పడని మందుల పేర్లు చెక్కించి ఆ పిల్ల చేతికి కట్టారు. 1956లో మెడిక్‌అలర్ట్ సంస్థ మొదలైంది అందులోంచే. "ఇది ఇవ్వకండి" అని చెప్పడమే ఆ బిళ్ళ పని.

బైపాస్ విషయంలో మొదటి "వద్దు" ముక్కులోంచి వేసే గొట్టం, అదే రైల్స్ ట్యూబ్, లేదా ఎన్‌జీ ట్యూబ్. బైపాస్ అయిన ఏడాదికి ఒక మనిషికి రాత్రిపూట కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు వచ్చాయనుకోండి. ఎమర్జెన్సీకి తెస్తారు, మనిషి మాట్లాడే స్థితిలో లేడు. పొట్ట మీద లాపరోస్కోపీ గాట్లు మానిపోయి కనీకనపడకుండా ఉంటాయి. బరువు తగ్గి చూడ్డానికి మామూలుగానే ఉన్నాడు, ఎవరికీ అనుమానం రాదు. పేగు మూసుకుపోయిందేమోనని కడుపు ఖాళీ చెయ్యడానికి నర్సు 16 సైజు ట్యూబ్ తీస్తుంది. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్ణుంచి రొమ్ము ఎముక కింది చివర దాకా కొలుస్తుంది. పెద్దవాళ్ళకి ఆ కొలత సుమారు 50 నుంచి 60 సెంటీమీటర్లు. జెల్ రాసి, ఆ గుర్తు ముక్కు దగ్గరికి వచ్చేదాకా తోస్తుంది. మామూలు పొట్టకి అది సరైన పద్ధతే.

కానీ ఈ పొట్ట మామూలుది కాదు. పళ్ళ దగ్గర్నుంచి సుమారు 40 సెంటీమీటర్ల లోతులో అన్నవాహిక అయిపోతుంది. ఆ కింద ఉన్నది 15 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి. దాని అడుగున పేగుతో వేసిన అతుకు, అది వేలు పట్టేంత సందు. ట్యూబ్ కొన ఆ సంచి గోడకి ఆనుతుంది, లేదా అతుకు అంచుకి గుచ్చుకుంటుంది, లేదా అతుకు దాటి పేగు వంపులో ఇరుక్కుంటుంది. అడ్డు తగిలినప్పుడు ఇంకాస్త నెడితే చిల్లి పడే ప్రమాదం ఉంది. సర్జరీ అయిన కొత్తలో, అతుకు ఇంకా గట్టిపడక ముందు, ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా అసలు పాత పొట్ట లోపలే ఉంటుంది, అన్నవాహికతో దానికి సంబంధం తెగిపోయి ఉంటుంది. అందులో గాలీ నీరూ నిండి ఉబ్బితే ఈ ట్యూబ్ దాని దగ్గరికి కూడా వెళ్ళదు. ప్రమాదమంతా పడి ఫలితం దక్కదు. ట్యూబ్ తప్పనిసరైతే ఎక్స్‌రే తెర మీద చూస్తూనో ఎండోస్కోపీ సాయంతోనో వెయ్యాలి. అందుకే బిళ్ళ మీద "నో ఎన్‌జీ ట్యూబ్" అని కాదు, "నో బ్లైండ్ ఎన్‌జీ ట్యూబ్" (లోపల చూడకుండా గొట్టం వెయ్యొద్దు) అని ఉండాలి. ఆ ఒక్క మాటతో డాక్టరుకి దారి మూసుకుపోదు, జాగ్రత్త మాత్రం అందుతుంది. నెలలు గడిచాక అంత భయం లేదనే సర్జన్లూ ఉన్నారు. ఉండనివ్వండి. మీ సంచి ఎంతుందో, అతుకు ఏ కోణంలో ఉందో ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకి తెలియదు కదా.

రెండో "వద్దు" ఎన్‌ఎస్‌ఏఐడీలు అనే రకం నొప్పి మందులు: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, కీటోరొలాక్. బైపాస్ అతుకు దగ్గర పేగు వైపు గోడకి యాసిడ్‌ని తట్టుకునే గుణం పుట్టుకతో లేదు. ఈ మందులు పొట్టకి, పేగుకి రక్షణగా ఉండే ప్రోస్టాగ్లాండిన్లని తగ్గిస్తాయి. దాంతో అతుకు మీద పుండు పడొచ్చు, రక్తం కారొచ్చు, ఒక్కోసారి చిల్లి పడుతుంది. పొగ తాగితే ఇంకా తొందరగా. చాలాచోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే, "మాత్ర ఇవ్వంలెండి, ఇంజెక్షన్ చేస్తాం" అంటారు. ఇంజెక్షన్ అయినా మందు రక్తంలోంచి అదే పని చేస్తుంది, దారి మారినంత మాత్రాన పుండు ప్రమాదం పోదు. పారాసెటమాల్ ఇవ్వొచ్చు. గుండె కోసం తక్కువ డోసు ఆస్పిరిన్ వాడేవాళ్ళు సొంతంగా మానెయ్యకూడదు, అది గుండె డాక్టరూ సర్జనూ కలిసి తేల్చాల్సిన లెక్క.

మూడోది ఎవరూ చెక్కించనిది, చెక్కించాల్సింది: థయమిన్. విటమిన్ బీ1 నిల్వలు ఒంట్లో రెండు మూడు వారాలకి మించి ఉండవు. సర్జరీ అయినవాళ్ళు పది రోజులుగా వాంతులతో ఏమీ తినలేక ఎమర్జెన్సీకి వస్తే, నీరసం చూసి ముందు గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. గ్లూకోజ్ వాడుకోవాలంటే కణాలకి థయమిన్ కావాలి. ఉన్న కాస్తా ఖర్చైపోతే మెదడు దెబ్బతింటుంది: చూపు తేలిపోవడం, నడక తూలడం, మతిమరుపు. దీన్నే వెర్నికీ జబ్బు అంటారు. ఆలస్యమైతే మతిమరుపు పూర్తిగా పోకపోవచ్చు. గ్లూకోజ్ కంటే ముందు, లేదా దానితో పాటే థయమిన్ ఇంజెక్షన్ పడాలి. బిళ్ళ మీద చోటుంటే "థయమిన్ బిఫోర్ గ్లూకోజ్" అని ఒక వరుస కేటాయించండి. షుగర్ బాగా పడిపోయి మనిషి స్పృహలో లేకపోతే మాత్రం థయమిన్ కోసం గ్లూకోజ్ ఆపి కూర్చోకూడదు, రెండూ వెంటవెంటనే ఇవ్వాలి.

షుగర్ పడిపోవడం గురించి కూడా చెప్పాలి. బైపాస్ అయిన ఏడాది తర్వాత కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో షుగర్ దబ్బున పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు. చూసేవాళ్ళు తాగాడనుకుంటారు. మీకు ఇది ఒక్కసారి వచ్చినా "హైపోగ్లైసీమియా" అన్న మాట బిళ్ళ మీదకి ఎక్కాల్సిందే.

ఇక చెక్కించే తీరు. మామూలు బిళ్ళకి నాలుగైదు వరుసలు, వరుసకి ఇరవై అక్షరాల లోపే పడతాయి. పై వరుసలో సర్జరీ పేరు, పొట్టి రూపంలో కాకుండా "గ్యాస్ట్రిక్ బైపాస్" అని పూర్తిగా. ఆర్‌ఎన్‌వై (బైపాస్‌కి డాక్టర్లు వాడే పొట్టి పేరు) అని మాత్రమే రాయిస్తే కడుపు సర్జన్లకి తెలుస్తుంది, అంబులెన్స్ కుర్రాడికి తెలియదు. రెండో వరుస "నో బ్లైండ్ ఎన్‌జీ ట్యూబ్". మూడోది "నో ఎన్‌ఎస్‌ఏఐడీస్". ఆ తర్వాత మందుల అలర్జీ ఏదైనా ఉంటే అది, చివర్న ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే అవి థయమిన్ కంటే ముందు రావాలి. పేరు వెనక వైపు వేయించండి. బ్లడ్ గ్రూప్ చెక్కించడం దండగ, రక్తం ఎక్కించే ముందు ఎలాగూ పరీక్ష చేస్తారు. ఆ వరుస ఇంకో హెచ్చరికకి పనికొస్తుంది.

బరువు తగ్గించే ఇంకో సర్జరీ అయిన స్లీవ్ చేయించుకున్నవాళ్ళకి లెక్క కాస్త వేరు. పేగుతో అతుకు ఉండదు, కానీ పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేసి పొడుగ్గా స్టేపుల్ చేసి ఉంటుంది. ట్యూబ్ జాగ్రత్త, ముఖ్యంగా మొదటి నెలల్లో, వాళ్ళకీ వర్తిస్తుంది. వాంతులు పట్టుకుంటే థయమిన్ మాటా అంతే. నొప్పి మందుల విషయం మీ సర్జన్ చెప్పినట్టు. పొట్ట పైభాగం చుట్టూ బిగించే బ్యాండ్ ఉన్నవాళ్ళు "గ్యాస్ట్రిక్ బ్యాండ్" అని చెక్కించాలి. ఉమ్ము కూడా దిగకుండా అడ్డుపడితే చర్మం కింద ఉన్న పోర్టులోంచి ప్రత్యేకమైన సూదితో నీరు తీసి బ్యాండ్ వదులు చెయ్యాలని అప్పుడే తెలుస్తుంది.

సైజు దగ్గర అందరూ పొరపాటు పడతారు. సర్జరీ అయిన వారానికి కొలిచి కొన్న బ్రేస్‌లెట్ ఆరు నెలలకి చేతిలోంచి జారి ఎక్కడో పడిపోతుంది. బరువు వేగంగా తగ్గేది మొదటి ఏడాదిలోనే, మణికట్టు కూడా సన్నబడుతుంది. అందుకని మొదట్లో లింకులు తీయగలిగే గొలుసు గానీ, పట్టీకి బెజ్జాలున్నది గానీ తీసుకోండి. మణికట్టు చుట్టుకొలత మీద ఒకటిన్నర సెంటీమీటరు వదులు చాలు. బరువు నిలకడగా ఉన్నాక గట్టిది కొనుక్కోవచ్చు. నికెల్ పడని చర్మమైతే స్టీలు వద్దు, 316ఎల్ అని చెప్పే సర్జికల్ స్టీల్లోనూ నికెల్ ఉంటుంది, టైటానియం తీసుకోండి. సిలికాన్ పట్టీల మీద అచ్చు అక్షరాలు కొన్నాళ్ళకే చెరిగిపోతాయి. లోహం మీద లోతుగా చెక్కినవే నిలుస్తాయి.

ఇక్కడ ఒక బాధ చెప్పాలి. పూసలూ, హృదయాకారాలూ పెట్టి, మామూలు నగలా కనపడేలా చేసి "ఎవరికీ తెలియదు" అని అమ్ముతారు. ఎవరికీ తెలియకపోతే ఎమర్జెన్సీ వాళ్ళకీ తెలియదు. వాళ్ళు నాడి కోసం మణికట్టూ మెడా పట్టుకుంటారు, అక్కడ కంటపడాల్సింది పాము చుట్టుకున్న కర్ర ఉన్న ఆరు రెక్కల నక్షత్రం. అది లేని బిళ్ళని చూసినా నగే అనుకుంటారు. సర్జరీ సంగతి నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గుతో చొక్కా లోపల దాచేవాళ్ళున్నారు. పొట్టకి చేయించుకున్న ఆపరేషన్ గుండె ఆపరేషన్ కంటే తక్కువది కాదు. గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్ళు ఎవరూ దాచరు.

క్యూఆర్ కోడ్ మాత్రమే ఉన్నవి కొనకండి. సిగ్నల్ లేనిచోట అది నల్ల గళ్ళ బొమ్మ. ఫోన్ లాక్ స్క్రీన్ మీద మెడికల్ ఐడీ నింపి పెట్టుకోవడం మంచిదే, కానీ ప్రమాదంలో ఫోన్ పగిలిపోవచ్చు, ఇంకో చోట పడి ఉండొచ్చు. కోడ్ గానీ ఫోన్ గానీ బిళ్ళకి తోడుగానే ఉండాలి. బిళ్ళలో పట్టని వివరాలన్నీ పర్సులో కార్డు మీద రాయండి: సర్జరీ తేదీ, సర్జన్ పేరు, వాడే మందులు, "కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే ఇంటర్నల్ హెర్నియా కోసం చూడండి, స్కాన్ మామూలుగా కనిపించినా సర్జన్‌ని పిలవండి" అన్న వాక్యం. బరువు తగ్గి పేగు పొరల్లో కొవ్వు కరిగినప్పుడు సందులు పెద్దవై పేగు అందులో ఇరుక్కోవడమే ఇంటర్నల్ హెర్నియా, అది బైపాస్ అయిన ఏళ్ళ తర్వాత కూడా జరుగుతుంది.

ఎంఆర్ఐకి వెళ్ళేటప్పుడు బ్రేస్‌లెట్ తీసెయ్యమంటారు, తియ్యాలి. ఆ కాసేపు పర్సు కార్డు టెక్నీషియన్‌కి చూపించండి, గది బయటికి రాగానే తిరిగి తొడుక్కోండి. స్లీవ్‌ని తర్వాత బైపాస్‌గా మార్పించుకుంటే పాత బిళ్ళ ఆ రోజే తీసెయ్యండి. "స్లీవ్" అని నమ్మి ట్యూబ్ వేస్తే, ఏ బిళ్ళా లేనప్పటి కంటే ధైర్యంగా నెడతారు.