రెండో రౌటర్ పెట్టాక నెట్ ఎందుకు పోతోంది?

ఇంటి, షాపు నెట్‌వర్కుల మీద విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన సందేహాలకు జవాబులు

ప్రశ్న: మాది స్పేర్ పార్ట్స్ షాపు. ఐదు కంప్యూటర్లు, ఒక నెట్‌వర్క్ ప్రింటర్ ఉన్నాయి. పై గోడౌన్‌లో వైఫై అందడం లేదని ఇంకో రౌటర్ కొని, కింది నెట్ బాక్సు నుంచి కేబుల్ లాగి దాని ల్యాన్ పోర్టులో (కంప్యూటర్లు తగిలించే రంధ్రంలో) గుచ్చాం. అప్పట్నుంచీ పొద్దున్నే కంప్యూటర్లు వేస్తే రెండింటికి నెట్ వస్తుంది, మూడింటికి రాదు. రానివాటికి ప్రింటరూ కనపడదు. మర్నాడు వేరేవాటికి పోతుంది. కొత్త రౌటర్ పాడైనదేమైనా అంటగట్టారా?
- ఆటోనగర్, విజయవాడ

జవాబు: రౌటర్ బాగానే ఉంది, బాగా పనిచేయడమే ఇక్కడ చిక్కు. కంప్యూటర్ ఆన్ కాగానే తనకో అడ్రసు ఇమ్మని నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అడుగుతుంది. అలా అడ్రసులు పంచే ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. ఈ పని ఒక్క పెట్టే చేయాలి. మీ షాపులో ఇప్పుడు రెండు చేస్తున్నాయి. ఏది ముందు జవాబిస్తే సాధారణంగా కంప్యూటర్ దాన్నే పట్టుకుంటుంది.

నెట్ వచ్చే కంప్యూటర్లో ఒకసారి, రానిదాంట్లో ఒకసారి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి చూడండి. మొదటిదాంట్లో అడ్రసు 192.168.1.23, గేట్‌వే (బయటి నెట్‌కి దారి చూపే పెట్టె అడ్రసు) 192.168.1.1 అనీ, రెండోదాంట్లో 192.168.0.104, గేట్‌వే 192.168.0.1 అనీ, ఆ తరహాలో కనపడాలి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అంటే అడ్రసులో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ వీధి పేరు, చివరిది ఇంటి నంబరు. ప్రింటర్ ఒక వీధిలో, కంప్యూటర్ ఇంకో వీధిలో ఉన్నాయి కాబట్టి ఒకే తీగ మీద ఉన్నా కలవవు. పైగా 192.168.0.1 అనే గేట్‌వేకి బయటికి దారే లేదు. అసలు నెట్ వచ్చేది 192.168.1.1 నుంచి కదా!

ఇలా సరిచేయండి. పై రౌటర్‌కి వచ్చే కేబుల్ పీకేసి, దాని ల్యాన్ పోర్టుకి ఒక్క కంప్యూటరే తగిలించి సెట్టింగుల పేజీ తెరవండి. ముందు ల్యాన్ అడ్రసును 192.168.1.2కి మార్చి సేవ్ చేయండి. రౌటర్ మళ్లీ లేచాక కొత్త అడ్రసుతో లోపలికి వెళ్లి అప్పుడు డీహెచ్‌సీపీ ఆపండి. వరస తిరగబడితే ఇబ్బంది: డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే, తర్వాత కేబుల్ ఊడినా కంప్యూటర్ రీస్టార్ట్ అయినా దానికి అడ్రసిచ్చే దిక్కుండదు, 169.254తో మొదలయ్యే అడ్రసు తనకు తనే పెట్టుకుంటుంది, సెట్టింగుల పేజీ తెరుచుకోదు. చివరగా కింది నుంచి వచ్చే కేబుల్‌ను మళ్లీ ల్యాన్ పోర్టులోనే గుచ్చండి, వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కేబుల్ పెట్టే రంధ్రంలో) కాదు. రౌటర్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే ఈ తతంగమంతా ఒక్క నొక్కుతో అయిపోతుంది. కంప్యూటర్లన్నీ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇంకో పని మిగిలింది. కింది బాక్సులో డీహెచ్‌సీపీ పంచే హద్దును 192.168.1.50 నుంచి 200 వరకు కుదించి, ప్రింటర్‌కి 192.168.1.10, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌కి 192.168.1.11 స్థిరంగా పెట్టండి. స్థిరమైన అడ్రసు ఆ హద్దు లోపల ఉంటే, ఏదో ఒకరోజు అదే నంబరు కస్టమర్ ఫోనుకి వెళ్తుంది. ఆ పూట ప్రింటర్ మాయం. పై రౌటర్‌కి పెట్టిన 2 కూడా హద్దు బయటే ఉండాలి.

ప్రశ్న: మా హాస్టల్‌లో 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్‌కి వైఫైలో 180 వస్తోంది, ఆఫీసు కంప్యూటర్‌కి కేబుల్ పెడితే 94 దాటదు. తీగకే ఎక్కువ రావాలి కదా?
- బ్రాడీపేట, గుంటూరు

జవాబు: 94 దగ్గర ఆగిందంటే లింకు 100 దగ్గరే కుదిరిందన్నమాట. కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. 100 వేగానికి 1, 2, 3, 6 చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా నెట్ ఆగదు, వేగం పడిపోతుంది. అందుకే ఈ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడదు.

ముందు బాక్సు మీద పోర్టు మార్చి చూడండి. చవక బాక్సుల్లో ఒక్క పోర్టుకే 1000 వేగం ఇచ్చి, మిగతావాటికి 100 ఇవ్వడం మామూలే. తర్వాత వేరే కేబుల్. అప్పుడు సరిపోతే పాత కేబుల్ రెండు కొసలూ కత్తిరించి మళ్లీ క్రింప్ చేయించండి (కొత్త ప్లగ్గు బిగించండి). ప్లగ్గు క్లిప్పు కిందికి, కేబుల్ మీ వైపుకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 'రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు' అని, రెండేసి తీగలు మెలేసి ఉన్న జతల్ని పక్కపక్కనే పెట్టేసేవాళ్లుంటారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, అయినా పొడవు కేబుల్ మీద లింకు తడబడుతుంది. 3, 6 ఒకే జతవి కావాలి, మెలిక విప్పింది 13 మిల్లీమీటర్లు మించకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవగ్గా వస్తుంది, వంపుల దగ్గర విరుగుతుంది. అది కొనకండి. మొత్తం పొడవు 100 మీటర్ల లోపే. డాబాల మీదుగా పక్క బిల్డింగుకి రాగి కేబుల్ లాగే ఆలోచన ఉంటే మానుకోండి. పిడుగు పడితే రెండు వైపులా పెట్టెలు పోతాయి. అక్కడికి ఫైబరే వేయించాలి.

ప్రశ్న: 100 ప్లాన్ తీసుకున్నా డౌన్‌లోడ్ 12 దాటదేం?
- పటమట, విజయవాడ

జవాబు: ప్లాన్ లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ లెక్క బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే 12.5. మీకు రావాల్సింది వస్తోంది.

ప్రశ్న: ఇంటి సీసీ కెమెరాలు ఊరెళ్లినప్పుడు ఫోన్లో చూద్దామని రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపును కెమెరా రికార్డర్‌కి పంపే ఏర్పాటు) పెట్టాను. బయట నుంచి తెరుచుకోవడం లేదు.
- అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రసు (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చినది) చూడండి. తర్వాత 'నా ఐపీ ఏది' అని చూపే ఏదైనా సైటు తెరవండి. రెండూ వేరుగా ఉంటే మీ రౌటర్‌కి, బయటి ప్రపంచానికి మధ్య నెట్ కంపెనీ ఇంకో అడ్రసు మార్పిడి పెట్టినట్టే. 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రసులు ఇందుకోసమే 2012లో కేటాయించారు. పాత తరహా అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లే, ఎప్పుడో చాలకుండా పోయాయి. అందుకే వందల ఇళ్లు ఒకే అడ్రసు పంచుకుంటున్నాయి. బయటి నుంచి వచ్చిన పిలుపు మీ గుమ్మం దాకా రాదు, మీ రౌటర్లో ఏ పోర్టు తెరిచినా దండగే.

దీనికి నెట్ కంపెనీని నెలవారీ అదనపు చార్జీకి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే మారకుండా ఉండే అడ్రసు) అడగొచ్చు. లేదా కెమెరా రికార్డర్ మీదుండే క్యూఆర్ కోడ్‌ను దాని సొంత యాప్‌లో స్కాన్ చేయొచ్చు. రికార్డరే లోపల్నుంచి బయటికి కనెక్షన్ కట్టుకుంటుంది కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్ అక్కర్లేదు. మామూలు ఇంటికి మా ఓటు దీనికే. కాకపోతే ముందు రికార్డర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, రౌటర్లో తెరిచిన ఆ పోర్టు మూసేయండి.