రీఫ్ ట్యాంక్‌లో ఎల్‌ఈడీ ఎంత శాతం పెట్టాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. మీది కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల ట్యాంక్, 40 గ్యాలన్ల బ్రీడర్ (వెడల్పాటి, లోతు తక్కువ రకం), పైన మధ్యలో ఒకే ఒక ఎల్‌ఈడీ, షాపులో 70 శాతం పెట్టమన్నారు కాబట్టి పెట్టారు. ఇప్పుడు టార్చ్ కోరల్ ముడుచుకుపోయి పైవైపు తెల్లబడుతోంది, జోవాలు (జోవాంథిడ్ కోరల్స్) మధ్యాహ్నం కూడా సరిగ్గా విచ్చుకోవట్లేదు, అడుగున ఉన్న మష్రూమ్ కోరల్స్ మాత్రం బాగానే ఉన్నాయి. లిస్టు చివర ఒక చిన్న ఆక్రోపోరా (కొమ్మల కోరల్) ముక్క కూడా ఉంది. స్నేహితుడేమో వెలుగు చాలట్లేదు, పెంచమంటున్నాడు, వీడియోల్లో తగ్గించమంటున్నారు, ఎవరి మాట వినాలి అని.

ముందు తగ్గించండి, ఇవాళే. 70 నుంచి 40కి దించి, టార్చ్‌ని లైటు కింద నుంచి పక్కకు, కాస్త కిందికి జరిపి, మిగతాది తర్వాత తీరిగ్గా చదవండి. వెలుగు తక్కువైతే కోరల్ రంగు మారుతుంది, సాగుతుంది, పెరగదు, కానీ వారాల తరబడి నెట్టుకొస్తుంది. ఎక్కువైతే కొద్ది రోజుల్లోనే పోవచ్చు. అనుమానం ఉన్నప్పుడు తక్కువ వైపు ఉండటమే క్షేమం.

ఎందుకంటే కోరల్ కండలోనే జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. అది వెలుగుతో వండిన తిండిలోనే కోరల్‌కీ వాటా. వెలుగు మోతాదు మించితే ఆ నాచు దాన్ని వాడుకోలేక కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలను తయారుచేస్తుంది. అప్పుడు కోరల్ ఆ నాచును బయటికి తోసేస్తుంది, మీకు కనిపించే తెలుపు అదే. సముద్రంలో వేడెక్కిన నీళ్లలో జరిగే బ్లీచింగ్‌లోనూ దాదాపు ఇదే తంతు, అక్కడ వేడి ముందు, వెలుగు దానికి తోడు. అందుకే ఎండాకాలంలో నేనుండే డాలస్ లాంటి చోట ట్యాంక్ నీళ్లు 28 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే లైటు పెంచే ఆలోచనే పెట్టుకోకూడదు.

ఇక శాతం సంగతి. 70 శాతం అంటే మీ లైటు గరిష్ఠ శక్తిలో 70 శాతం అని మాత్రమే. ఆ లైటు 60 వాట్లదా, 180 వాట్లదా, నీళ్లకు 6 అంగుళాల పైన ఉందా 14 అంగుళాల పైన ఉందా, లెన్సులు వెలుగును ఒకచోటికి కుప్పగా పోస్తున్నాయా, పరుస్తున్నాయా, ఇవేవీ ఆ అంకెలో లేవు. షాపాయన అబద్ధం చెప్పి ఉండడు, వాళ్ల దగ్గర డిస్‌ప్లే ట్యాంక్ లోతు, లైటు ఎత్తు వేరు, అక్కడ 70 సరిపోయి ఉంటుంది. పక్కవాడి శాతం తెచ్చి మన ట్యాంక్‌కి పెట్టడమంటే పక్కింటాయన కళ్లద్దాలు తెచ్చి పెట్టుకోవడమే.

కంటితో చూసి తేల్చుకుందామంటే అదీ కుదరదు. మీ స్నేహితుడు చాలట్లేదు అనడానికి కారణం ఇదే అనుకుంటా. రీఫ్ లైట్లలో నీలం ఎక్కువ, జూజాంథెల్లే ఇష్టంగా వాడుకునేదీ నీలమే, కానీ మన కన్ను అత్యంత చురుగ్గా పట్టేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చని. 450 దగ్గరి నీలాన్ని అందులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. అంటే తెలుపు చానల్ తగ్గించి నీలం మొత్తం పైకి లాగేస్తే మనకు గది మసకగా, సినిమా హాల్లా కనిపిస్తుంది, కోరల్‌కి మాత్రం అది మిట్టమధ్యాహ్నం. ఫోన్‌లోని లక్స్ యాప్‌ది కూడా ఇదే ఇబ్బంది, లక్స్ అనేదే మనిషి కన్నుకు తగ్గట్టు కట్టిన కొలత.

కాబట్టి పార్ కొలవండి. పార్ అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు. చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో మీటర్ చూపిస్తుంది. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం సముద్రం మీద సుమారు 2000 ఉంటుంది, మనకు అందులో పదో వంతు ఉన్నా చాలా కోరల్స్‌కి పండగే. మీటర్ కొనక్కర్లేదు. అపోజీ ఎంక్యూ-510 లాంటిది నీళ్లలో నేరుగా ముంచి కొలవడానికే చేసింది, నీలాన్ని సరిగ్గా చదువుతుంది, కానీ ధర ఐదు వందల డాలర్ల పైమాటే. అమెరికాలో చాలాచోట్ల రీఫ్ క్లబ్బులూ కొన్ని షాపులూ వారాంతానికి అద్దెకిస్తాయి. నీలాన్ని తక్కువగా చదివే పాత మోడళ్లు కూడా చేతులు మారుతుంటాయి, అద్దెకు తీసుకునేటప్పుడు మోడల్ అడగండి.

కొలిచే రోజు ఒక మనిషిని తోడు పెట్టుకోండి. మా ఇంట్లో నేను పీవీసీ గొట్టం చివర సెన్సర్ కట్టుకుని ట్యాంక్‌లో పెడుతుంటే, ఉప్పునీళ్లు మోచేతి దాకా కారుతుంటే, మా ఆవిడ కాస్ట్‌కో బిల్లు వెనకాల అంకెలు రాసింది. లైటు యాప్‌లో ఉదయం నుంచి మెల్లగా పెరిగే షెడ్యూల్ ఉంటుంది కదా, కొలిచే ముందు దాన్ని గరిష్ఠం దగ్గర నిలపాలి, అక్లిమేషన్ మోడ్ (వెలుగును వారాల మీద మెల్లగా పెంచేది) ఉంటే ఆపాలి, లేకపోతే మీరు కొలిచేది ఉదయపు ఎండ. పంపులు ఓ పది నిమిషాలు కట్టేయండి. పైన అలలుంటే అవి వెలుగును పోగేసి చిమ్ముతుంటాయి, ఒకే చోట అంకె 110కీ 170కీ మధ్య ఊగుతూ ఉంటుంది, ఏది రాయాలో తెలీదు. సెన్సర్ నేరుగా పైకి చూడాలి, మీ చెయ్యి నీడ పడకూడదు.

మొదటిసారి కొలిస్తే ఆశ్చర్యపోతారు. మీది 36 అంగుళాల పొడవున్న ట్యాంక్, మధ్యలో ఒకటే లైటు. మాదీ అంతే. రాతి కొన మీద 310, దాని కిందే ఇసుక మీద 140, మూలల్లో 45. ఒకే ట్యాంక్, ఒకే శాతం, ఏడింతల తేడా. మీ మష్రూమ్‌లు అడుగున హాయిగా ఉండి, మధ్యలో పైన కూర్చోబెట్టిన టార్చ్ మాడిపోతోందంటే నాకు పెద్ద వింతేమీ కాదు. శాతాన్ని పైకీ కిందికీ తిప్పడం కన్నా ఏ కోరల్ ఏ అంకె దగ్గర కూర్చోవాలో చూడటంతోనే సగం పని అయిపోతుంది.

అంకెలు ఎంత ఉండాలంటే, నేను పాటించేవి చెబుతాను, ఒకరిద్దరు అటూ ఇటూ చెప్పినా పెద్ద తేడా ఉండదు. మష్రూమ్‌లకు 50 నుంచి 100. జోవాలకు 75 నుంచి 150. టార్చ్, హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ లాంటివాటికి 80 నుంచి 150. ఆక్రోపోరా లాంటి కొమ్మల కోరల్స్‌కి 200 నుంచి 350, అదీ ట్యాంక్ కుదురుకున్నాక. కొత్తగా కొన్న కోరల్ ముక్క ఏదైనా సరే ముందు తన అంకెలో సగం దగ్గర పెట్టండి. అది మీ ఇంటికి వచ్చేముందు ఎంత వెలుగులో పెరిగిందో మీకు తెలియదు, ప్యాకింగ్ చీకట్లో ఎంతసేపు ఉందో కూడా తెలియదు.

మీటర్ ఉన్న రోజునే ఇంకో పని చేయండి. రంగుల పాళ్లు మార్చకుండా 30, 50, 70 శాతాల దగ్గర ఒకే చోట కొలిచి రాసుకోండి. ఎల్‌ఈడీలో శాతం పెరిగినకొద్దీ పార్ దాదాపు అదే లెక్కన పెరుగుతుంది, 50 దగ్గర 100 వస్తే 75 దగ్గర ఇంచుమించు 150. మీటర్ తిరిగి ఇచ్చేశాక ఆ కాగితమే మీకు మీటర్. కానీ తెలుపో, ఊదానో, నీలమో ఏదైనా చానల్ మార్చారా, ఆ కాగితం చెల్లదు.

పెంచడం ఎలా? వారానికి ఐదు శాతం మించకుండా. యాప్‌లో అక్లిమేషన్ ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు పెట్టేసి చేతులు కట్టుకోండి. పెంచిన ప్రతిసారీ కోరల్ లోపల నాచు, దాని రంగు పదార్థాలు సర్దుకోవాలి, అది రాత్రికి రాత్రి జరిగే పని కాదు. మధ్యలో ముడుచుకుంటే ఒక మెట్టు వెనక్కి రండి, అంతే, మొత్తం షెడ్యూల్ తలకిందులు చేయకండి. నాకు తెలిసిన చాలామంది ట్యాంకుల్లో ఎక్కువ వెలుగు కన్నా సెట్టింగ్‌ని మాటిమాటికీ అటూ ఇటూ మార్చడమే ఎక్కువ కోరల్స్‌ని చంపింది.

గంటలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 150 పార్ దగ్గర 8 గంటలు, 120 దగ్గర 10 గంటలు, రోజు మొత్తానికి కోరల్‌కి అందేది ఒకటే, చదరపు మీటరుకు 4.32 మోల్స్. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ట్యాంక్ చూసుకోవాలనుకునేవాళ్లు శాతం తగ్గించి గంటలు పొడిగించుకోవచ్చు. పన్నెండు దాటించకండి, వాటికీ చీకటి కావాలి.

తెల్లబడటం ఎప్పుడూ లైటు తప్పే అనుకోకండి. పైవైపు, లైటు కేసి ఉన్నవైపే తెల్లబడి కింది నీడ భాగం రంగుగా ఉంటే వెలుగు ఎక్కువైనట్టు. మొత్తం ఒకేలా పాలిపోతే నైట్రేట్, ఫాస్ఫేట్ చూడండి. రెండూ సున్నా ఉన్న ట్యాంక్‌లో మామూలు వెలుగు కూడా కోరల్ తట్టుకోలేకపోవచ్చు. నేను నైట్రేట్ 5-10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచుతాను. మొదలు దగ్గర కండ ఊడి లోపలి ఎముక బయటపడుతుంటే అది వేరే జబ్బు, ఆల్కలినిటీ (కోరల్ ఎముక కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ల కొలత) ఎగుడుదిగుడులో, ఇన్‌ఫెక్షనో, దానికి లైటు తగ్గించినా లాభం లేదు. వెలుగు తక్కువైతే జోవాల కాడలు సాగి మెడలు చాస్తాయి, ఆక్రోపోరా రంగు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ లేవు, అందుకే పెంచమన్న సలహాతో నేను ఏకీభవించను.

ఒక్క విషయం చాలామంది పట్టించుకోరు. శాతం ముట్టుకోకపోయినా వెలుగు మారుతుంది. లైటు కింది అద్దం మీద ఉప్పు చిలికి పొరగా పేరుకుంటే తగ్గుతూ వస్తుంది, ఒక ఆదివారం శుభ్రంగా తుడిచేస్తే ఒక్కసారిగా ఎగబాకుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది వేసినా అంతే, నీళ్లలోని పసుపుదనం పోయి అదే లైటు గట్టిగా దిగుతుంది. వారం వారం తుడిచేవాళ్లకు ఇబ్బంది లేదు. నెలల తర్వాత తుడిస్తే మాత్రం ఆ రోజు ఓ పది శాతం తగ్గించి మెల్లగా పైకి రండి. అలాగే వెలుగు పెరిగి కోరల్ కోలుకుని ఎముక కట్టడం మొదలుపెడితే ఆల్కలినిటీ ఖర్చు పెరుగుతుంది, వారానికి రెండుసార్లు టెస్ట్ చేసి డోసింగ్ (వాటిని నీళ్లలో తిరిగి కలిపే మోతాదు) సరిచూసుకోండి.

ఇండియా నుంచి ఇది చదువుతున్నవాళ్లకు: టార్చ్, ఆక్రోపోరాతో సహా రాతి కోరల్స్ అన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. ఎవరో తెప్పిస్తానన్నారని డబ్బులు కట్టకండి.

మళ్లీ మీ ట్యాంక్ దగ్గరికి. 40 శాతం దగ్గర రెండు వారాలు అలాగే వదిలేయండి. టార్చ్ చేతులు బయటికి చాపి, పగలంతా ఊగుతూ కనిపిస్తే అప్పుడు మీటర్ తెచ్చి కొలవండి, దాని చోట 100 పార్ వచ్చేలా సర్దండి. మీ లిస్టులో చివర రాసిన ఆ చిన్న ఆక్రోపోరా ముక్కకి ఈ సెట్టింగ్ చాలదు. దానికోసం మొత్తం ట్యాంక్‌ని పైకి లాగొద్దు, రాతి కొనకి మార్చి చూడండి, అక్కడా 200 రాకపోతే కుదురుకున్న ట్యాంక్ ఉన్న ఎవరికైనా ఇచ్చేయండి.