ఇద్దరి మధ్య మాటలు మోసే పిల్ల

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. రాత్రిళ్లు నిద్రపోదు, గదిలోంచి రాదు, ఊరికే ఏడుస్తుంది. డాక్టరు చెబితే రెండు నెలలుగా వారం వారం కౌన్సెలింగ్‌కు తీసుకెళ్తున్నాను. లోపల ఏం మాట్లాడిందో నాకు చెప్పదు. కౌన్సెలర్‌ను అడిగితే ఆవిడా చెప్పరు. కన్నది నేను, ఫీజు కట్టేది నేను. నాకు తెలియకూడనిది ఏముంటుంది? వేరే కౌన్సెలర్‌ను చూసుకోమంటారా? మా వారికీ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు, ఏదున్నా పాపతోనే చెప్పిస్తాం. అంతకుమించి ఇంట్లో ఏ లోటూ లేదు.

జవాబు: మార్చవద్దు. ఆవిడ తన పని సరిగ్గా చేస్తున్నారు. పిల్ల ప్రాణానికి ముప్పుందని తోచినా, ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినా మౌనంగా ఉండరు. ఆ హద్దులేమిటో అడిగి తెలుసుకోండి, అది మీ హక్కే. మిగతా మాటలు ఇంటికి చేరతాయని అనుమానం వస్తే పాప యాభై నిమిషాలూ నేల చూపులు చూసి లేచి వస్తుంది. మీరడిగినదానికి ఇంతే జవాబు.

నన్ను బాధపెట్టింది మీ ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలు. ఏ లోటూ లేదని ఎలా రాయగలిగారమ్మా? ‘మీ నాన్నను భోజనానికి రమ్మను’, ‘కరెంటు బిల్లు కట్టిందేమో మీ అమ్మను అడుగు’... 13 ఏళ్లప్పటి నుంచి ఆ పిల్ల ఒక గది నుంచి ఇంకో గదికి ఇవే మోస్తోంది. ఇలాంటి పిల్లలు మాటను ఉన్నదున్నట్టు చేరవేయరు. మీ గొంతులోని కోపాన్ని కొంత తీసేసి, ఆయన మాటలోని వెటకారాన్ని కొంత తుడిచేసి చెబుతారు. ఏ మాటకు ఇల్లు అంటుకుంటుందోనని కాపలా కాసే పిల్లకు నిద్రెలా పడుతుంది? వేరే కారణాలూ ఉండవచ్చు, వాటిని డాక్టరు, కౌన్సెలర్ చూసుకుంటారు. ఈ బరువు దించగలిగింది మాత్రం మీరిద్దరే.

1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపొందించిన కౌన్సెలింగ్ పద్ధతి ఒకటుంది, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. మనసులో దానంతటదే మెదిలే ఆలోచనను కాగితం మీద పెట్టించి, అది నిజమనడానికి ఆధారమేమిటని అడుగుతారు. ‘అమ్మానాన్నలు ఇలా ఉండటానికి నేనే కారణం’ అని మీ పాప రాసిందనుకోండి. అది తప్పని అక్కడ కష్టపడి తెలుసుకుని గుమ్మంలో అడుగుపెట్టగానే ‘మీ నాన్నకు చెప్పు’ అని వినిపిస్తే ఆ వారమంతా పడిన శ్రమ ఏమైనట్టు?

ఆయనతో రాజీ పడమని నేను చెప్పడం లేదు. మీ కోపానికి తగిన కారణం ఉండే ఉంటుంది. ఆత్మగౌరవం కోసమే మౌనంగా ఉంటున్నానని మీరనుకుంటే, ఆ గౌరవానికి పిల్ల వెల చెల్లించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఈ రోజు నుంచే పాపతో ఏ కబురూ పంపవద్దు. నోరు రాకపోతే ఫోనులో మెసేజ్ పెట్టండి. ఆయన పంపితే ‘నేను చూసుకుంటాలే, నువ్వు వెళ్లు’ అనండి. మీరూ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, పాప వెళ్లే ఆవిడ దగ్గరికి వద్దు. మూడేళ్లుగా మింగినవన్నీ అక్కడ చెప్పుకోండి. ఆయన వస్తే సరే, రాకపోతే మీరొక్కరే వెళ్లండి. తిరుగు దారిలో ‘ఏం చెప్పావు’ అని పాపను అడగడం మానండి, ఆకలేస్తోందేమో అడగండి. కౌన్సెలర్లు మధ్యమధ్య తల్లిదండ్రులను పిలుస్తుంటారు. పిలిచిన రోజు ఇద్దరూ వెళ్లండి. ఆయనకు చెప్పవలసింది ఏదైనా ఉంటే ఆయన వైపు తిరిగే చెప్పండి.