ఆ చెక్కును బ్యాంకులో వేయకముందు

చిరంజీవి శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ఫొటోలూ చూశాను. ఒకటి 2,450 డాలర్లకు రాసిన క్యాషియర్స్ చెక్కు, అంటే బ్యాంకే తన సొంత డబ్బు మీద రాసిచ్చే చెక్కు. రెండవది దానితోపాటు కవరులో వచ్చిన, దుకాణాలను కొనుగోలుదారులా వెళ్లి పరీక్షించే "మిస్టరీ షాపింగ్" పని ఇస్తామన్న ఉత్తరం. చెక్కును రెండు రోజుల్లో నీ ఖాతాలో వేసుకోవాలట. 350 డాలర్లు నీ జీతంగా ఉంచుకొని, మిగిలిన 2,100 డాలర్లకు దగ్గరలోని దుకాణంలో గిఫ్ట్ కార్డులు కొనాలట. కౌంటర్ దగ్గర ఉన్నవారు నీతో ఎలా మాట్లాడారో రాసి, కార్డుల వెనుక గీకితే కనిపించే అంకెలను ఫొటో తీసి పంపాలట. "ఇది నిజమైన పనేనా మావయ్యా?" అని అడిగావు. కాదమ్మా. ఆ చెక్కును బ్యాంకులో వేయవద్దు. ఈ మాట రాత్రే ఫోనులో చెప్పాను గానీ, ఎందుకు వద్దన్నానో నీకు పూర్తిగా అర్థం కావాలంటే కొంత వివరంగా రాయక తప్పదు.

న్యూజెర్సీలో నేను పనిచేసిన బ్యాంకులో, చెల్లక తిరిగొచ్చిన చెక్కులను చూసే విభాగంలో 17 ఏళ్లు ఉన్నాను. ఇటువంటి చెక్కులు నా బల్ల మీదికి రాని నెల లేదు. ఒకసారి మన తెలుగు కుర్రవాడే ఒకడు, డాలస్‌లో నువ్వు చదువుతున్నట్టే ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్నవాడు, శుక్రవారం చెక్కు వేసి, సోమవారం ఖాతాలో డబ్బు కనిపించగానే కార్డులు కొని అంకెలు పంపేశాడు. తొమ్మిది రోజుల తరువాత చెక్కు తిరిగొచ్చింది. సెమిస్టరు ఫీజుకని ఇంటి నుంచి తెప్పించుకున్న డబ్బులోంచి బ్యాంకు ఆ మొత్తాన్ని వెనక్కి తీసుకుంది. "స్క్రీన్ మీద డబ్బు కనిపించింది కదా సార్, చెక్కు మంచిదైతేనే కదా కనిపిస్తుంది?" అని అతడు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ మోసమంతా ఆ ఒక్క అపోహ మీదే నిలబడి ఉంది.

అసలు జరిగేది ఇది. అమెరికాలో చెక్కు వేసిన ఖాతాదారును ఎక్కువ రోజులు ఆపకూడదని బ్యాంకులకు ఫెడరల్ నిబంధన ఉంది. మామూలు చెక్కయినా సరే, 2025 జూలై నుంచి మొదటి 275 డాలర్లను సాధారణంగా మరుసటి పనిదినానికే వాడుకోనివ్వాలి. క్యాషియర్స్ చెక్కును కౌంటర్‌లో స్వయంగా ఇస్తే, సాధారణంగా మొత్తం డబ్బూ మరుసటి పనిదినానికే అందుబాటులోకి వస్తుంది. మోసగాళ్లు క్యాషియర్స్ చెక్కునే ఎంచుకోవడానికి కారణం అదే. అయితే వాడుకోనివ్వడం వేరు, చెక్కు రాసిన బ్యాంకు నుంచి డబ్బు నిజంగా రావడం వేరు. మొదటిది బ్యాంకు నీకు చూపే నమ్మకం మాత్రమే. దొంగ చెక్కు మీద ఉండేది తరచుగా నిజమైన ఏదో కంపెనీ పేరు, దొంగిలించిన ఖాతా నంబరు. కొన్నిసార్లు అడుగున ఉన్న తొమ్మిది అంకెల రూటింగ్ నంబరు పైన ముద్రించిన బ్యాంకుది కాకుండా వేరే బ్యాంకుది అయి ఉంటుంది. అప్పుడు చెక్కు దారితప్పి తిరిగి, బయటపడడానికి ఇంకా ఆలస్యమవుతుంది. వారాలు పట్టిన సందర్భాలు కూడా చూశాను. నీకు ఇచ్చిన రెండు రోజుల గడువు ఈ లోపలే పని ముగించుకోవడానికి పెట్టినది. చెక్కు తిరిగొచ్చినప్పుడు నష్టం చెక్కు వేసిన ఖాతాదారుదే. ఖాతా అప్పులో పడి బ్యాంకు దానిని మూసేస్తే, ఆ వివరం, ఖాతాదారుల చరిత్రను బ్యాంకుల కోసం నమోదు చేసే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ దగ్గర ఐదేళ్లు ఉండి, మరో బ్యాంకులో ఖాతా తెరవడం కూడా కష్టమవుతుంది.

మిస్టరీ షాపింగ్ అనే పనే బూటకమని అనుకోవద్దు. హోటళ్లు, దుకాణాలు, బ్యాంకులు తమ సిబ్బంది పనితీరు తెలుసుకోవడానికి మామూలు కొనుగోలుదారుల్లా మనుషులను పంపించడం ఎప్పటినుంచో ఉంది. అయితే అందులో వచ్చేది చిన్న మొత్తం. నీ డబ్బుతోనే కొని, నివేదిక రాసి పంపిన తరువాత, వారు దానిని అంగీకరించాక ఖర్చూ కూలీ ఇస్తారు. పని చేయకముందే అపరిచితురాలికి రెండు వేల డాలర్లు పంపే కంపెనీ ఎక్కడా ఉండదు. చేరడానికి రుసుమో, సర్టిఫికెట్‌కో, కంపెనీల జాబితాకో డబ్బు అడిగినా అది మోసమే అనుకో. నీకు వచ్చిన ఉత్తరం మీద ఎమ్‌ఎస్‌పీఏ అమెరికాస్ ముద్ర ఉంది కదా, అది ఈ రంగంలోని కంపెనీల సంఘం. ఆ సంఘం స్వయంగా షాపర్లను పనిలో పెట్టుకోదు. వారి ముద్రను దొంగిలించి అతికించారు, అంతే.

గిఫ్ట్ కార్డుల స్థానంలో డబ్బు బదిలీ కౌంటర్‌ను పరీక్షించి రమ్మనేవారూ ఉన్నారు. మోసగాళ్ల డబ్బు తమ కౌంటర్ల ద్వారా పోనిచ్చిందన్న ఆరోపణల మీద వెస్టర్న్ యూనియన్ 2017లో 58.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ దారిలో ఎంత డబ్బు పోయి ఉంటుందో దానిని బట్టి ఊహించుకో. చెక్కుకు బదులు పోస్టాఫీసు మనీ ఆర్డరు పంపితే మాత్రం పరీక్షించడం కొంత తేలిక: అసలైనదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ నీడలా కనిపిస్తుంది, దేశంలో వాడే మనీ ఆర్డరు ఒక్కొక్కటి వెయ్యి డాలర్లు మించి ఉండదు.

ఇక నీకు ప్రత్యేకంగా చెప్పవలసినది మరొకటి ఉంది, ఇది నాకు చెక్కు కంటే ఎక్కువ ఆందోళన కలిగించింది. నువ్వు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నావు. సెమిస్టరు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేయవచ్చు. బయట చేయాలంటే, చదువుకు సంబంధించిన పనికి ఇచ్చే సీపీటీ, ఓపీటీ వంటి అనుమతి ఏదో ఒకటి ఉండాలి. మిస్టరీ షాపింగ్ నిజమైనదైనా అది డబ్బుకు చేసే పనే కాబట్టి, అనుమతి లేకుండా నువ్వు దానికి ఒప్పుకోకూడదు. ఈ సంగతి మోసగాళ్లకు కూడా తెలుసు. డబ్బు పోగొట్టుకున్న విద్యార్థి వీసాకు భయపడి నోరు విప్పడని వారి ధీమా. అందుకే, ఎప్పుడైనా ఇటువంటిదానిలో చిక్కినా, మౌనంగా మాత్రం ఉండిపోకు. కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి సలహా అడుగు.

నువ్వు చెక్కు వేయలేదు కాబట్టి నీ డబ్బుకు ఇప్పటికి నష్టం లేదు. వేసినవారికి చెప్పవలసి వస్తే మాత్రం ఇలా చెప్పు: వెంటనే బ్యాంకుకు వెళ్లాలి, ఆ చెక్కు డబ్బులో ఒక్క సెంటు కూడా వాడకూడదు, కార్డుల అంకెలు పంపేసి ఉంటే కార్డునూ రసీదునూ దగ్గర పెట్టుకొని, ఆ కార్డు ఇచ్చిన కంపెనీకి ఆ నిమిషమే ఫోను చేయాలి. అంకెలు వెళ్లాక కార్డులోని డబ్బు నిమిషాల్లో ఖాళీ అవుతుంది కనుక ఆలస్యం పనికిరాదు.

మీ తమ్ముడు విజయవాడలో టెలిగ్రామ్‌లో హోటళ్లకు రేటింగులు ఇచ్చి డబ్బు సంపాదిస్తున్నాడని నువ్వు నవ్వుతూ చెప్పావు. అదీ దీనికి చుట్టమే. అక్కడ మొదట రెండు మూడు వందల రూపాయలు నిజంగానే వేసి నమ్మకం కుదిర్చి, తరువాత "పెద్ద టాస్క్" కోసం ముందుగా డబ్బు కట్టమంటారు. ఒక్క రూపాయి కూడా కట్టవద్దని వాడికి ఈ రోజే చెప్పు, ఇప్పటికే కట్టి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేయమను.

నీకు వచ్చిన కవరును, చెక్కును, ఉత్తరాన్ని చించి పారేయకు. వాటిని ఫొటోలు తీసి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి ఫిర్యాదుల వెబ్‌సైటులో వివరాలు రాయి. కవరు తపాలాలో వచ్చింది కాబట్టి పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీసుకు కూడా ఫిర్యాదు చేయాలి. ఆ మోసగాళ్ల ఇమెయిల్ నుంచి మళ్లీ ఏమి వచ్చినా, "చెక్కు ఎందుకు వేయలేదు, పోలీసులకు చెబుతాం" అని బెదిరించినా జవాబు రాయకు. దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ బ్యాంకు ఖాతా వివరాలు గానీ ఇచ్చావా లేదా అన్నది నువ్వు నాకు చెప్పలేదు. ఇచ్చి ఉంటే శనివారం వరకూ ఆగకుండా ఈ రాత్రికే ఫోను చెయ్యి, మీ అత్తయ్యా నేనూ మేలుకొనే ఉంటాం.

ఇట్లు,
మీ మావయ్య