రాయలసీమలో భూగర్భ జలాలు పెరగాలంటే ఏం చేయాలి? చెరువు కన్నా ముందు దానికి నీళ్ళొచ్చే కాలవ చూడండి

ప్రశ్న అడిగినాయన "చిత్తూరు జిల్లాలో నీళ్ళ సమస్యకి హంద్రీ-నీవా (కృష్ణా నీళ్ళని ఎత్తిపోసి సీమకి తెచ్చే కాలవ) లాంటి ప్రాజెక్టులు ఇంకా కావాలా, లేకపోతే బోర్ల మీద గట్టిగా కంట్రోల్ పెట్టాలా, ఏది కరెక్ట్" అని అడిగారు. కింద సమాధానాలన్నీ చదివాను, సగం మంది ప్రాజెక్టు అంటున్నారు, సగం మంది డ్రిప్పు అంటున్నారు, కాలవ గురించి ఒక్కరన్నా మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా. నేనిప్పుడు ఉండేది తిరుపతిలో, సొంతూరు పాకాల పక్క, నాయన ఇంకా సేద్యం చేస్తున్నాడు, మాకు మామిడి ఉంది, కొంచెం టమాటా పెడతాం.

మొదట బోర్ల సంగతి. మాదంతా బండ నేల. పైన మెత్తబడిన పొర ఒకటి ఉంటుంది, మా తాతల కాలం బావులన్నీ ఆ పొరలో తవ్వినవే, దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడా పగుళ్ళు. బోరు లారీ వాళ్ళు గ్యాప్ అంటారు, అది తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. వెయ్యడుగులు వేశాం అని చెప్పుకుంటారు కదా, ఆ వెయ్యడుగుల కింద ఎవరూ దాచిపెట్టిన నీళ్ళేం లేవు, ఆ పగుళ్ళలోకి కూడా పైనించి దిగిన నీళ్ళే పోవాలి, అది దిగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, మనం మోటరు పెట్టి రెండు వేసవుల్లో లాగేస్తాం. కాబట్టి ఎంత లోతు వేశాం అనేది అసలు లెక్కే కాదు, పైన ఎన్ని రోజులు నీళ్ళు నిలబడ్డాయి అనేదే లెక్క.

వాన తక్కువ అంటారా, నేనొప్పుకోను. అనంతపురం వాళ్ళు అంటే అర్థం ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాకి సగటున ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, నైరుతి కొంత, మిగతాది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం, అదీ బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కుమ్మరించేస్తుంది. 10 సెంటీమీటర్ల వాన ఒక ఎకరా మీద పడితే 4 లక్షల లీటర్లు. తిరుపతిలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే ట్యాంకరు 5 వేల లీటర్లది, అంటే ఒక్క ఎకరా మీద ఒక్క వానకి 80 ట్యాంకర్లు. ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నాయి అని అడగాల్సింది పోయి కృష్ణా ఎప్పుడొస్తుంది అని అడుగుతున్నాం.

మన పెద్దోళ్ళు దీనికి ఏర్పాటు చేసే పోయారు. రాయలసీమలో చెరువులు విడివిడిగా ఉండేవి కావు, గొలుసుగా ఉంటాయి, పై ఊరి చెరువు నిండి మొరవ పోతే, అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లి బయటికి పోతే, ఆ నీళ్ళు వంకలో (వాగులో) పడి కింది ఊరి చెరువుకి రావాలి, అది నిండితే దాని కిందకి, చివరికి ఏటికి. ఈ మొత్తం చూసుకోడానికి దశబంధం ఇనాం అని భూములిచ్చారు, తూము తెరవడానికీ కాలవ తీయడానికీ నీరుగంటి ఉండేవాడు. ఇనాములు పోయాయి, నీరుగంటి పని పోయింది, బోరు వచ్చాక చెరువుతో ఎవరికీ పని లేకుండా పోయింది. అక్కడే దెబ్బ పడింది మనకి. ఎందుకంటే బోరులోకి నీళ్ళు వచ్చేది ఆ చెరువు నుంచే.

ఇప్పుడు మా ఊళ్ళో జరిగింది చెప్తా. 2021 నవంబర్ వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి మునిగింది, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకయ్యి కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు, స్వర్ణముఖి ఏ రేంజిలో పారిందో టీవీల్లో అందరూ చూశారు. అంత వానలో కూడా మా ఊరి చెరువు సగం కూడా నిండలేదు! నేను ఆ టైంలో ఊళ్ళోనే ఉన్నా, లీవులో. కట్ట మీదకెళ్ళి చూస్తే లోపలంతా తుమ్మ చెట్లే కనిపిస్తున్నాయి, నీళ్ళు ఒక మూల మాత్రం ఉన్నాయి. పై ఊరి చెరువేమో మొరవ పోతా ఉంది, ఆ శబ్దం మా ఇంటికి వినిపిస్తోంది. మరి ఆ నీళ్ళు ఏమయ్యాయి అంటే, తార్రోడ్డెక్కి, రోడ్డుని కోసుకుంటా వచ్చి, పల్లంలో ఉండే కాలనీ ఇళ్ళలోకి పోయాయి. ఇళ్ళల్లో మోకాటి లోతు. బియ్యం మూటలు మంచాల మీదకెక్కించుకుని పిల్లల్ని బడిలో పెట్టారు.

కారణం ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు అంతే. పై చెరువు మొరవ దగ్గర్నుంచి మా చెరువు దాకా వచ్చే కాలవని మా పెదనాయన వరస అయ్యే ఒకాయన పూడ్చేసి మామిడి మొక్కలు పెట్టాడు, ఎప్పుడో కరువు సంవత్సరాల్లో, "నీళ్ళే రాని కాలవ ఎందుకు" అని. ఆ పైన ఇంకెవరో గ్రావెల్ తోలి ప్లాట్లు వేశారు, కాలవ పోవాల్సిన చోట రెండు సిమెంటు తూరలు (పైపులు) వేసి వదిలేశారు, అవి ఎప్పుడో మట్టితో మూసుకుపోయాయి.

ఆ రోజు సాయంత్రం వానలోనే జనం ఆ తోట దగ్గర చేరారు. మా ఊళ్ళో పాత నీరుగంటి కుటుంబంలో ఒక ముసలాయన ఉండేవాడు, కాలవ ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో ఆయనకొక్కడికే తెలుసు. గోనెపట్ట నెత్తిన కప్పుకుని కట్టెతో చెట్ల మధ్యలో గుచ్చుకుంటా పోయి, "ఈడుంది, ఈడ్నించి ఆ చింతమాను కాడికి, ఆణ్ణించి కట్ట కాడికి" అని చూపించాడు. జేసీబీ తెప్పించారు. డ్రైవరు దిగడానికి భయపడ్డాడు, పట్టా భూమి అంటున్నారు, పర్మిషన్ లేదు, రేపు కేసయితే నా బండి పోతుంది అంటాడు. ఆఫీసుకి ఫోన్ చేస్తే అందరూ రాయలచెరువు దగ్గర ఉన్నారు, రేపు చూద్దాం అన్నారు. మా పెదనాయన అడ్డం నిలబడి "కాపు మీదున్న చెట్లురా, నా పొట్ట కొడతా ఉండారు" అని అరుస్తా ఉన్నాడు. మొగోళ్ళంతా ఆయన మొహం చూస్తా నిలబడ్డారు, రేపు పొద్దున్నే మళ్ళీ మొహాలు చూసుకోవాలి కదా.

అప్పుడు కాలనీ నుంచి ఆడోళ్ళు వచ్చారు, గడ్డపారలు పారలు పట్టుకుని. ఒకావిడ, మా పొలంలో కాయలు కోయడానికి వచ్చేదే, "రెడ్డీ, నీ చెట్లు పోతే మళ్ళా నాటుకోవచ్చు, మా గోడలు పడితే మేం యాడికి పోవాల" అని ఆయన ముందే పార దింపింది. ఇంక ఎవరూ మాట్లాడలేదు. ఆయన కూడా పక్కకి జరిగాడు. జేసీబీ దిగింది, రాత్రంతా లైట్లు వేసుకుని తవ్వారు, తూరలు పీకేశారు, నాలుగైదు చెట్లు పోయాయి అంతే, ఆయన అరిచినంత నష్టం ఏమీ కాలేదు. తెల్లవారేసరికి కాలనీలోకి వచ్చే నీళ్ళు ఆగిపోయాయి, చెరువు పై తూము దాకా నిండింది, ఆ వారంలోనే మొరవ పోయింది. మా ఊరి చెరువు మొరవ పోవడం నేను చిన్నప్పుడు చూశానేమో, గుర్తు కూడా లేదు. గంగమ్మకి పొంగళ్ళు పెట్టారు, చీర సారె చెరువులో వదిలారు, పెదనాయన కూడా వచ్చాడు.

ఆ తర్వాతి వేసవిలో మా పాత బావిలో నీళ్ళు కనపడ్డాయి. బావి అని మేం మర్చిపోయిన బావి అది. ఎండిపోయిందని కేసింగ్ మూత పెట్టేసిన బోరు మళ్ళీ పోసింది. ఆ ఏడు వాన ఎక్కువ కాబట్టి అందరికీ పెరిగింది అని కొందరంటారు, నిజమే పెరిగింది, కానీ మా పక్కూరికీ అదే వాన పడింది, వాళ్ళ కాలవ ఇప్పటికీ మూసే ఉంది, మరుసటి వేసవికే వాళ్ళు మళ్ళీ బోరు రిగ్గు పిలిచారు. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇది మా ఊరి గొడవే అనుకోవద్దు. తిరుపతి వాళ్ళు తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. అవిలాల చెరువు భూమిని పట్టణాభివృద్ధి సంస్థకీ, పేరూరు చెరువు భూమిని దేవస్థానానికీ ఇళ్ళ కోసం ఇచ్చారు, దాని మీద ఇంటెలెక్చువల్స్ ఫోరం అనే తిరుపతి సంస్థ కోర్టుకెళ్ళింది, 2006లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చెరువులు ప్రజల ఆస్తి, ప్రభుత్వం కాపలాదారు మాత్రమే అని ఆ తీర్పులో చెప్పారు. పేరూరు విషయంలో ఇంక కొత్త కట్టడాలు వద్దన్నారు, నీళ్ళు తెచ్చే బోడెద్దుల వంకని క్లియర్ చేయమన్నారు. చూడండి, ఢిల్లీలో కూర్చున్న జడ్జీలకి కూడా చెరువు అంటే దాని వంకతో సహా అని అర్థమైంది, మనకి కావట్లేదు. దేశమంతా లాయర్లు ఈ తీర్పు చదువుతారు, తిరుపతిలో పదిమందిని అడగండి ఎవరికీ తెలియదు. అదే నా బాధ.

ఇంకో విషయం, పూడికతీత. ప్రతి ప్రభుత్వం ఒక పేరు పెడుతుంది, నీరు-మీరు అన్నారు, నీరు-చెట్టు అన్నారు, అన్నిట్లో జేసీబీ వెళ్ళేది చెరువు మధ్యకే. ఎందుకంటే మట్టి అమ్ముడుపోతుంది, ఇటుక బట్టీకి, లేఅవుట్లకి. కాలవ తీస్తే ఏం వస్తుంది, కంపచెట్లు, పక్క రైతుతో గొడవ. అందుకే ఎవరూ తీయరు. నీళ్ళు రాని చెరువుని ఎంత లోతు చేసి ఏం లాభం చెప్పండి. పైగా అడుగున ఉన్న ఒండ్రు మన పొలాలకి రావాల్సింది, అది ప్లాట్ల కింద పోయింది.

తిరుపతిలో ఇంకుడు గుంతల కథ ఇంకో రకం. ప్లాన్ అప్రూవల్ కోసం చిన్న గుంత తీసి కంకర పోసి ఫోటో పెడతారు, తర్వాత దాని మీద టైల్స్ వేసి బైకులు పెడతారు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 80 వేల లీటర్ల పైన పడుతుంది మన వానకి, అది డ్రైనేజీలోకి పంపించి వేసవిలో ట్యాంకరుకి ఫోన్ చేస్తాం. కళ్యాణి డ్యాం ఎండితే, కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్ళు లేటయితే గగ్గోలు పెడతాం. స్వర్ణముఖిలో ఇసుక మాత్రం తోడేస్తాం, ఆ ఇసుకే నీళ్ళు పట్టి ఉంచేది.

బోర్ల కంట్రోల్ అంటారా, 2002లో వచ్చిన వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ఉండనే ఉంది, తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల పర్మిషన్ లేకుండా బోరు వేయకూడదు అని అందులోనే ఉంది. రాత్రి పూట రిగ్గు వచ్చి తెల్లారేలోపు వెళ్ళిపోతుంది, ఎవరు ఆపుతారు. నాకు దాని మీద నమ్మకం లేదు. నమ్మకం ఉన్నది ఇంకో దాని మీద, 2000ల్లో మన చిత్తూరు సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల్లో నీటి మట్టం కొలుచుకుని, వాన లెక్క రాసుకుని, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంట ఎంత పెట్టాలి అని లెక్క వేసుకున్న ప్రాజెక్టు జరిగింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో. ఎవరూ పోలీసుల్ని పంపలేదు, ఎవరి నీళ్ళు ఎంతో వాళ్ళ చేత్తో కొలిచాక వరి పెట్టే వాళ్ళే తగ్గించుకున్నారు. అది ప్రతి పంచాయతీలో ఉండాలి.

హంద్రీ-నీవా వద్దని నేను అనట్లేదు. శ్రీశైలం వెనక మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చాయి, సంతోషం, ఎన్నేళ్ళు ఎదురుచూశారో వాళ్ళకే తెలుసు. కానీ మెయిన్ కెనాల్ నుంచి ఆ నీళ్ళు మీ ఊరి చెరువుకి దేంట్లో వస్తాయి? ఈ వంకల్లో, ఈ కాలవల్లోనే కదా. అవి లేకపోతే మా ఊళ్ళో అయినట్టే కృష్ణమ్మ కూడా రోడ్డెక్కి కాలనీ ఇళ్ళలోకి వస్తుంది.

కాబట్టి అడిగినాయనకి నేను చెప్పేది, మీ ఊళ్ళో పని ఇప్పుడే మొదలుపెట్టండి, అక్టోబర్ వానల దాకా ఆగొద్దు. తహసీల్దార్ ఆఫీసులో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం) కాపీ తీసుకోండి, వంక పోరంబోకు, అంటే వంకకి వదిలిన ప్రభుత్వ భూమి, ఎక్కడుందో, ఎంత వెడల్పో అందులో ఉంటుంది, ఊళ్ళో ముసలాయన ఎవరన్నా ఉంటే ఆ కాగితం పట్టుకుని ఆయన్ని వెంట తీసుకుని కాలవ వెంబడి ఒకసారి నడవండి. భూముల రీసర్వే అయిన ఊళ్ళయితే ఇంకా జాగ్రత్త, కొత్త రికార్డులో కాలవకి విడిగా నంబరు వేశారా లేక పక్క పట్టాలో కలిపేశారా చూసుకోండి, కలిపేసి ఉంటే ఇప్పుడే అర్జీ పెట్టండి, ఇంకో ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ కాలవ ఉండేదని చెప్పడానికి కాగితమూ ఉండదు, మనిషీ ఉండడు.